ముక్కుపుడక పక్కనుంచి పోయిన గాలి: ఒక సీప్యాప్ మాస్క్ కేసు

నేను స్లీప్ టెక్నీషియన్ని. శ్రీకాకుళంలో ఒక ఛాతీ డాక్టరుగారి దగ్గర పనిచేస్తాను. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందని డాక్టరుగారు తేల్చాక, ఆ మనిషికి నిద్రలో గాలి పంపే సీప్యాప్ మెషిన్ పెట్టడం, మాస్క్ కుదర్చడం, తర్వాత నెలల తరబడి వాళ్ల ఫోన్లు ఎత్తడం నా పని. ఇక్కడ రాస్తున్నది ఒక్క పేషెంట్ గురించి. నాలుగు మాస్కులు మారాయి, పదకొండు వారాలు పట్టింది. అందులో మూడు వారాలు పూర్తిగా నా తప్పు వల్లే పోయాయి. ఆవిడ ఒప్పుకున్నారు కాబట్టి రాస్తున్నాను. పేరు, ఊరు మాత్రం రాయను.

ఎలా వచ్చారు

ఆవిడకి 56 ఏళ్లు. కవిటి మండలంలో కొబ్బరి తోటల మధ్య ఇల్లు. భర్త కొబ్బరికాయల వ్యాపారం చేస్తారు. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, మెడ చుట్టుకొలత 39 సెంటీమీటర్లు. నాలుగేళ్లుగా బీపీ. మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా పై అంకె 160 దగ్గరే ఉంటోంది. అది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం ప్రాంతం, అక్కడ బీపీ తగ్గడం లేదంటే ఎవరికైనా ముందు భయం కిడ్నీల గురించే. వీళ్లూ అంతే. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ ఆసుపత్రిలో చూపించుకున్నారు. క్రియాటినిన్ 0.9 వచ్చింది, మూత్రంలో ప్రొటీన్ లేదు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు, ఆవిడ తప్ప. ఆవిడకి పగలంతా నిద్ర, తెల్లారి లేస్తే తలనొప్పి.

అసలు సంగతి కూతురి నోట బయటపడింది. "అమ్మ గురక పెడతా పెడతా ఒక్కసారి ఆగిపోద్దండి. మళ్లీ ఎప్పుడు అందుకుంటాదా అని నేను లెక్క పెట్టుకుంటా కూకుంటాను" అంది. డాక్టరుగారు ఇంకేం అడగలేదు, పరీక్ష రాసేశారు.

పరీక్షకి ముందు ఎప్‌వర్త్ ప్రశ్నలు అడగడం నా పని. పగలు కునుకు ఎంత తేలిగ్గా పడుతుందో కొలిచే ఎనిమిది ప్రశ్నలవి, 1991లో ఆస్ట్రేలియాలో తయారైనవి. చివరి ప్రశ్న, కారులో వెళ్తూ ట్రాఫిక్‌లో కాసేపు ఆగితే నిద్ర వస్తుందా అని. కవిటి మనిషిని అది అడిగితే నా మొహం చూస్తారు. నేను "రైల్వే గేటు పడి ఆటో ఆగిందనుకోండి, కునుకు వస్తుందా?" అని అడుగుతాను. ఇలా మార్చకూడదని తెలుసు. మార్చకపోతే జవాబే రాదు. ఆవిడకి 24కి 16 వచ్చాయి. 10 దాటితేనే మేం అనుమానిస్తాం.

ఇంట్లోనే ఒక రాత్రి చేసిన పరీక్షలో ఊపిరి ఆగడం, సన్నబడడం కలిపి గంటకి 38 సార్లు. 5 లోపు మామూలు, 30 దాటితే తీవ్రం. ఆక్సిజన్ ఒక దశలో 74 శాతానికి పడిపోయింది. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. సీప్యాప్ మెషిన్ ముక్కులోంచి ఒత్తిడితో గాలి పంపి, ఆ దారిని లోపలినుంచి తెరిచి ఉంచుతుంది. చేసేది అంతే. మాస్క్ దగ్గర గాలి పోతే మాత్రం పంక్చరైన ట్యూబుకి పంపు కొట్టినట్టే.

ప్లాస్టరు వేసిన మాస్క్

మెషిన్, మాస్క్ వాళ్లబ్బాయి విశాఖలో ఒక షాపులో కొన్నాడు. షాపు పేరు అనవసరం, ఈ పద్ధతి చాలా చోట్ల ఉంది. "రాత్రి నోరు తెరుస్తారా?" అని అడిగారట. అవునన్నారు. ముక్కూ నోరూ కలిపి మూసే పెద్ద మాస్క్ ఇచ్చారు. కుర్చీలో కూర్చోబెట్టి, మెషిన్ ఆన్ చెయ్యకుండా, మీడియం సైజు మొహానికి ఆనించి చూసి "సరిపోయిందమ్మా" అన్నారు. తొమ్మిది వేల రూపాయలు. ప్యాకెట్ విప్పాక వెనక్కి తీసుకోరు. మొహానికి పెట్టుకునే వస్తువు కాబట్టి అది న్యాయమే. కానీ తప్పు సైజు అంటగట్టినా నష్టం కొన్నవాళ్లదే.

పన్నెండో రోజున మా దగ్గరికి వచ్చారు. రెండు కళ్లూ ఎర్రగా ఉన్నాయి. ముక్కు దూలం మీద రూపాయి బిళ్లంత కమిలి, మధ్యలో తోలు లేచింది. మెమరీ కార్డు పెట్టి చూస్తే రోజుకి సగటున గంటా పది నిమిషాలు వాడారు. లీక్ నిమిషానికి 52 లీటర్ల దాకా ఉంది. మేం వాడే ఈ రకం మెషిన్లలో 24 దాటకూడదు.

"ఇదేటి బాబూ, ఏనుగు తొండంలాగుంది. ఊపిరాడక సచ్చిపోతాననుకున్నాను. తీసి అవతల పారీసినాను" అన్నారావిడ. సంచిలోంచి మాస్క్ తీసి నా చేతికిచ్చారు. దాని ముందు భాగంలో, గొట్టం తగులుకునే చోట, తెల్లటి ప్లాస్టరు రెండు పొరలు వేసి ఉంది.

ఒక్క క్షణం నాకు గుండె ఆగినంత పనైంది.

ప్రతి సీప్యాప్ మాస్కుకీ సన్నటి రంధ్రాలు ఉంటాయి. మనం వదిలిన గాలి బయటికి పోయే దారి అదే. అక్కడనుంచి గాలి రావాలి, రాకపోతేనే ప్రమాదం. మెషిన్ ఆ గాలిని ముందే లెక్కలో వేసుకుంటుంది. పైన చెప్పిన 24 లీటర్లు ఇది కాక, అంచుల నుంచి దొంగచాటుగా పోయే గాలి. ఆవిడ భర్తకి, ఆ పెద్దాయనకి, ఈ తేడా ఎవరూ చెప్పలేదు. మాస్క్ లోంచి గాలి పోతోందని ఆవిడ అంటున్నారు, చెయ్యి పెట్టి చూస్తే రంధ్రాల దగ్గర గాలి తగులుతోంది, కొబ్బరికాయల లారీ టైరుకి చేసే పనే దీనికీ చేశారు.

"బాబాయ్, వంటింట్లో పొగగూడు మూసేస్తే ఏమవుతుంది? పొగంతా లోపలే తిరుగుతుంది కదా. ఇదీ అంతే. ఆవిడ వదిలిన గాలే ఆవిడ మళ్లీ పీల్చారు" అన్నాను. ఆయన ఏం మాట్లాడలేదు. ప్లాస్టరు గోటితో గీకడం మొదలుపెట్టారు. తొందరగా తీసేసేవారు కాబట్టి బతికిపోయాం అనుకున్నాను నేను. పొద్దున తలనొప్పి ఎక్కువైందని ఆవిడ అన్నది ఆ ప్లాస్టరు వేసిన రోజులనుంచే. అప్పటినుంచి ఎవరికి మాస్క్ ఇచ్చినా ముందు ఆ రంధ్రాలు వేలు పెట్టి చూపిస్తున్నాను, ఇంట్లోవాళ్లకి కూడా.

పెద్ద మాస్కుతో ఇంకో తంటా ఉంది. పట్టీలు బిగించినకొద్దీ అది గడ్డాన్ని వెనక్కి నెడుతుంది. గడ్డం వెనక్కి పోతే నాలుక వెనక్కి పోతుంది, తెరవాల్సిన దారి ఇంకా ఇరుకవుతుంది. అందుకే నోరు తెరుస్తారనగానే పెద్ద మాస్క్ అనే లెక్క నాకు నచ్చదు. నోరు ఎందుకు తెరుస్తున్నారో ముందు చూడాలి. డాక్టరుగారు టార్చి వేసి చూస్తే ముక్కు లోపల రెండు వైపులా వాచి, దారి సగం మూసుకుని ఉంది. ఏళ్లుగా ఇంటి ముందే కొబ్బరి పీచు దుమ్ము, తుమ్ములు. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీటి చుక్కలు రాసి, రెండు వారాలు ఆగమన్నారు. ఆ రెండు వారాలు మెషిన్ పక్కన పెట్టాం. దూలం మీద పుండు మానాలి కదా.

రెండోది, నా తప్పు

రెండు వారాల తర్వాత ముక్కు తెరుచుకుంది. నోరు మూసుకుని పది నిమిషాలు కూర్చోగలుగుతున్నారు. ముక్కు ఒక్కటే మూసే మాస్క్ తీశాను. మా దగ్గర చూపించడానికి శుభ్రం చేసిన మాస్కులు కొన్ని ఉంటాయి, వాటితో కొన్ని రోజులు ఇంట్లో చూసుకోనిచ్చి తర్వాతే కొనిపిస్తాం. అట్టముక్క కొలతతో ముక్కు వెడల్పు చూశాను. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ప్రెషర్ 10కి పెట్టాను. మాస్కుని ఒకసారి మొహానికి కాస్త ఎడంగా లాగి వదిలితే లోపలి సిలికాన్ పొర గాలితో ఉబ్బి తనే సర్దుకుంటుంది. పట్టీలు గాలి పోయేదాకా వదులు చేసి, అక్కడనుంచి ఆగేంతవరకే బిగించాను. తెర మీద లీక్ 6. పావుగంట ఉంచాను. బాగుంది. పంపించేశాను.

నాలుగో రోజు ఫోన్. "గాలి కంట్లోకి కొడతంది బాబూ." కాస్త బిగించండమ్మా అన్నాను. ఏడో రోజు ఫోన్. "ముక్కు పక్కన నొప్పి." కాస్త వదులు చెయ్యండి అన్నాను. ఫోన్లో ఇలా బిగించండి, వదులు చెయ్యండి అంటూ మూడు వారాలు గడిపాను. రోజుకి రెండు గంటలు దాటలేదు.

వాళ్లబ్బాయి మెమరీ కార్డుని కవర్లో పెట్టి, తెలిసిన బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. బస్సుల కాంప్లెక్సుకి వెళ్లి తీసుకున్నాను. గ్రాఫ్ చూస్తే లీక్ గీత గోడలాగా ఉంది. అరగంట నేల మీద పాకి, ఒక్కసారి 40కి లేచి, అక్కడే నిలబడి, మళ్లీ ఒక్కసారి పడిపోతోంది. మాస్క్ నెమ్మదిగా జారితే ఇంత నిటారుగా గోడ కట్టదు. ఇది మనిషి పక్కకి తిరిగినట్టు ఉంది. నేను ఆవిడని వెల్లకిలా పడుకోబెట్టి చూశాను. ఆవిడ ఎలా పడుకుంటారో అడగలేదు.

ఆ మంచం దగ్గర

ఆదివారం ఆమదాలవలసలో, అదే శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో, రైలెక్కి సోంపేట స్టేషన్లో దిగి ఆటో పట్టుకున్నాను. ఇంటికెళ్లి చూడడం మా ఫీజులో లేని పని. డాక్టరుగారు వద్దనలేదు, అంతే.

మధ్య గదిలో నవారు మంచం. నాలుగు కర్రలకి కట్టిన దోమతెర. బూరుగు దూది దిండు, రాయిలాంటిది. మెషిన్ మంచం కింద ముక్కాలి పీట మీద ఉంది. గొట్టం దోమతెర అంచు కిందనుంచి లోపలికి వస్తోంది. "రోజూ రాత్రి ఏం చేస్తారో అదే చెయ్యండమ్మా, నేను లేననుకోండి" అన్నాను. కోడలు నవ్వింది. ఆవిడ జడ విప్పి, అలవాటుగా అరచేతిలో కొబ్బరినూనె వేసుకుని తలకి రాసుకుని, అదే చేత్తో మొహం తుడుచుకుని, మాస్క్ పెట్టుకుని, కుడి పక్కకి తిరిగి పడుకున్నారు.

బుస్సుమంది.

నా చెయ్యి తడి చేసుకుని మాస్క్ చుట్టూ తిప్పాను. తడి చేతి వెనక వైపుకి సన్నగాలి బాగా తెలుస్తుంది. కుడి ముక్కు పక్కన, సరిగ్గా ఒకచోట, చల్లగా తగిలింది. వంగి చూశాను. ఎర్రరాళ్ల ముక్కుపుడక. ఏడు రాళ్లది, కందిగింజ కంటే పెద్దది. దిండు మాస్కుని కిందనుంచి నెడుతోంది, మాస్క్ అంచు వచ్చి పుడక మీదికి ఎక్కుతోంది. తలుపు కింద గులకరాయి పడితే తలుపు ఎలా మూసుకోదో అలా, పుడకకి రెండు వైపులా సిలికాన్ లేచి సందులు. ఎడమ వైపు ఒంటిరాయి పుడక. అటు తిరిగితే ఇంత లేదు గానీ, ఉంది.

ఈ ముక్కుపుడకలు నేను క్లినిక్కులో చూడలేదా? చూశాను. మా అమ్మకి ఉన్నాయి, మా అత్తకి ఉన్నాయి, మా వీధిలో ఆ వయసు ఆడవాళ్లలో సగం మందికి రెండు వైపులా ఉంటాయి. ట్రైనింగులో మాకు గడ్డం గురించి చెప్పారు, మీసం గురించి చెప్పారు, పళ్లసెట్టు తీస్తే బుగ్గలు లోపలికి పోయి సైజు మారిపోతుందని చెప్పారు. పుడక గురించి ఎవరూ చెప్పలేదు. చెప్పలేదని నేనూ చూడలేదు. పుట్టినప్పటినుంచి చూస్తున్న వస్తువు కంటికి ఆనదు.

"అమ్మా, రాత్రిపూట ఈ పుడక తీసి పడుకుంటే..." అని మొదలుపెట్టాను.

"ఆయనుండగా తీస్తానేటి?" అన్నారావిడ, మాస్క్ లోంచే.

పెద్దాయన గుమ్మంలోంచి "తీసీయే, ఏటైపోద్ది?" అన్నారు. ఆవిడ చూసిన చూపుకి మళ్లీ లోపలికి వెళ్లిపోయారు. నేను ఇంక ఆ మాట ఎత్తలేదు. ఒక రాత్రికైతే బతిమాలి తీయించవచ్చు. ఇది ఏళ్ల తరబడి ప్రతి రాత్రీ చెయ్యాల్సిన పని. పడుకునేముందు రోజూ మనసులో ముల్లు గుచ్చుకునేలా ఉంటే ఆ మెషిన్ అటకెక్కుతుంది. పైగా అది ఆవిడ ముక్కు.

అప్పుడే కరెంటు పోయింది. పల్లెల్లో ఆదివారం మధ్యాహ్నం అదేం వింత కాదు. ఫ్యాను ఆగింది, మెషిన్ ఆగింది. ఆవిడ ఒక్క ఉదుటున లేచి, రెండు చేతులతో మాస్కుని లాగి, పట్టీ చెవికి పడితే విదిలించి, దోమతెర గొట్టానికి చుట్టుకుని, మొత్తం కలిపి నేలకేసి కొట్టారు. వణుకుతున్నారు. అప్పుడు అర్థమైంది నాకు. పెద్ద మాస్క్ పెట్టుకున్న మూడో రాత్రి కూడా ఇలాగే కరెంటు పోయిందట. చీకట్లో, మూతి బిగేసి ఉండగా, గాలి ఆగిపోయింది. అది ఎవరికీ చెప్పలేదు. "మెషిన్ సెడిపోనాదని మీరు తిడతారేమో అనుకున్నాను" అన్నారు.

పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాను. ముక్కూ నోరూ మూసే మాస్కులకి, మెషిన్ ఆగితే బయటి గాలి రావడానికి తెరుచుకునే రేకు ఒకటి ఉంటుంది. అయినా మెషిన్ ఆగాక ఏ మాస్కునీ మొహాన ఉంచుకోకూడదు, వదిలిన గాలి కొట్టుకుపోదు. ముక్కు మాస్క్ అయితే నోరు ఖాళీగానే ఉంటుంది, తెరిస్తే చాలు. పట్టీలు లాగక్కర్లేదు. గొట్టం దగ్గర క్లిప్పు ఒకచేత్తో నొక్కితే గొట్టం ఊడి వచ్చేస్తుంది. కళ్లు మూసుకుని పదిసార్లు తీయించాను, పదిసార్లు పెట్టించాను. ఏడోసారికి నవ్వొచ్చింది ఆవిడకి. మెషిన్ని టీవీకి ఉన్న ఇన్వర్టరుకి కలపమని అబ్బాయికి చెప్పాను. తేమ కోసం నీళ్లు వేడిచేసే భాగం కరెంటు ఎక్కువ లాగుతుంది. సముద్రానికి ఇంత దగ్గర, ఏసీ లేని గదిలో, ఆవిడకి దాని అవసరం పెద్దగా కనిపించలేదు, డాక్టరుగారిని అడిగి ఆపించాను.

ఆ రోజు ఇంకొకటి దొరికింది. "ఊపిరాడట్లేదు" అని ఆవిడ మొదటినుంచీ అంటున్న మాట. గాలి ఎక్కువై ఉక్కిరిబిక్కిరవుతున్నారని నేను అనుకున్నాను. నిద్ర పట్టేదాకా హాయిగా ఉంటుందని మెషిన్ ప్రెషర్ 4 దగ్గర మొదలై, అరగంటలో నెమ్మదిగా పెరిగేలా షాపువాళ్లు పెట్టారు. "ఎప్పుడు ఆడట్లేదమ్మా, మొదట్లోనా, నడిరాత్రా?" అని అడిగితే "ఎట్టుకోగానే" అన్నారు. అంటే గాలి చాలడం లేదు. 4 చాలామందికి దిండులోంచి పీల్చినట్టు ఉంటుంది. డాక్టరుగారికి ఫోన్ చేసి, మొదలే 6 పెట్టాను. ఆవిడ రెండు ఊపిరులు తీసి, "ఆఁ, ఇప్పుడు బాగుంది" అన్నారు. ఇంత చిన్న ప్రశ్న అడగడానికి ఆరు వారాలు పట్టింది నాకు.

గొట్టాన్ని మంచం కిందనుంచి కాకుండా తలవైపు దోమతెర కర్రకి గుడ్డపీలికతో వదులుగా కట్టి, పైనుంచి దింపాం. ఎటు తిరిగినా గొట్టం వెంట వస్తుంది, మాస్కుని లాగదు.

కొబ్బరినూనె సంగతి. నూనె చేతులు తగిలితే సిలికాన్ జారుతుంది, కొన్నాళ్లకి మెత్తబడి ఉబ్బుతుంది. ఉద్దానంలో నిలబడి తలకి నూనె రాయొద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. పొద్దున రాసుకోమన్నాను, రాత్రి మొహం సబ్బుతో కడుక్కుని పెట్టుకోమన్నాను, లేవగానే కుషన్ని సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టమన్నాను.

మూడోది, నాలుగోది

ముక్కు పక్కన తగలకూడదంటే ముక్కు రంధ్రాల్లో ఆనే చిన్న రకం ఉంది. రెండు మెత్తటి బుడిపెలు, అంతే. పుడక బయట ఉంటుంది, ఇది కింద ఉంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. రెండు రాత్రులు కూడా గడవలేదు, ముక్కులోంచి రక్తం చుక్క వచ్చిందని కూతురు ఫోన్ చేసింది. పుడక బయట ఉంటే దాని మర లోపల ఉంటుంది కదా. బుడిపె వెళ్లి ఆ మరని లోపలి గోడకి నొక్కుతోంది. వెంటనే ఆపించాను. ఇది నా రెండో తప్పు. దీనికైనా ముందే తట్టాల్సింది.

నాలుగోది ముక్కు కింద ఉయ్యాలలా ఆనేది. రంధ్రాల్లోకి దూరదు, దూలం ఎక్కదు. ముక్కు అడుగు భాగాన్ని కిందనుంచి ఎత్తి పట్టుకున్నట్టు ఉంటుంది. ఈసారి ఆవిడని శ్రీకాకుళం రప్పించి, రోజూ వాడే బూరుగు దిండు తెమ్మన్నాను. సంచిలో దిండు పెట్టుకుని బస్సెక్కి వచ్చారు. రెండు పక్కలకీ తిప్పి, ఒక్కో పక్కన ఇరవై నిమిషాలు. ఎడమ పక్కన లీక్ 4. కుడి పక్కన 19. ఏడు రాళ్ల పుడక కాస్త కిందికి ఉంటుంది, దాని అంచు ఇంకా తగులుతోంది. 24 లోపే కాబట్టి కాగితం మీద పాసే. ఇంట్లో ఇంకా పెరుగుతుందని నాకు తెలుసు.

నేను ఇంకో సైజు కోసం డబ్బాలు వెతుకుతుంటే ఆవిడే అన్నారు. "రాత్రికి సిన్నది ఎట్టుకుంటే పోద్ది కదా బాబూ?"

తియ్యడం, తియ్యకపోవడం తప్ప మూడోది ఉందని నాకు తట్టలేదు. ఇచ్ఛాపురంలో బంగారప్పని చేసే ఆచారిగారి దగ్గర, ముక్కుకి అంటుకుపోయేంత పలచటి, రాయి లేని పుడక చేయించుకున్నారు. లోపలి మర కూడా కురచ. ఏడు రాళ్లది పగటికి, ఇది రాత్రికి. పడుకునేముందు దేవుడి గూటి దగ్గర మార్చుకుంటారు. ముక్కు ఒక్క నిమిషం కూడా బోసిగా ఉండదని, కూతురు ఒకటి పట్టుకుని ఉంటే ఇంకొకటి తీస్తానని నాకు వివరంగా చెప్పారు. ఆ మాస్క్ కొన్నారు, 6,800 రూపాయలు. ఆచారిగారి కూలి అంతకన్నా తక్కువే అయ్యిందట.

మొదటి వారం రాత్రి వద్దన్నాను. మధ్యాహ్నం సీరియల్ చూసేటప్పుడు పెట్టుకుని మెషిన్ ఆన్ చేసుకోమన్నాను. మొదటి రోజు పావుగంట, తర్వాత సీరియల్ అయ్యేదాకా. తొండం అని ఇంకా అంటూనే ఉన్నారు. 1981లో సిడ్నీలో కోలిన్ సలివన్ అనే డాక్టరు మొదటిసారి ఐదుగురి మీద ఈ వైద్యం చేసినప్పటి సంగతి చెప్పాను. అప్పట్లో మోటారు వ్యాక్యూమ్ క్లీనరుది, ముక్కు దగ్గర గాలి పోకుండా సిలికాన్‌తో అతికించేవారు. తర్వాత కొన్నేళ్లు కూడా మాస్కుని రోజూ రాత్రి జిగురు పెట్టి మొహానికి అంటించి, పొద్దున పీకేవారు. "ఒలమ్మో, అతికించీసీవోరా!" అని ముక్కు పట్టుకున్నారు.

లెక్కలు

పదకొండో వారం నుంచి తీసిన ముప్పై రోజుల కార్డు ఇది. సగటున రాత్రికి 5 గంటల 40 నిమిషాలు. ఊపిరి ఆగడం, సన్నబడడం గంటకి 3.8. లీక్ ఎక్కువలో ఎక్కువ 11. ఎప్‌వర్త్ 16 నుంచి 7కి వచ్చింది. రైల్వే గేటు దగ్గర నిద్ర రావడం లేదట. పొద్దున తలనొప్పి లేదు. దూలం మీద మచ్చ మాత్రం ఉండిపోయింది.

బీపీ 146/90 దాకా దిగింది. దీన్ని మాస్క్ ఖాతాలో వెయ్యలేను. మధ్యలో డాక్టరుగారు ఒక మాత్ర మార్చారు, ఆవిడ ఊరగాయ తగ్గించారు. సీప్యాప్ వల్ల బీపీ తగ్గేది మామూలుగా కొంచెమే, మాత్రలకి లొంగని వాళ్లలో కాస్త ఎక్కువ. మాత్రలు మానేయవచ్చా అని పెద్దాయన అడిగారు. వద్దని గట్టిగా చెప్పాను.

మా క్లినిక్కులో ఇప్పుడు కొలత చీటీ మారింది. ఏ పక్కకి పడుకుంటారు, దిండు ఏది, దోమతెర ఉందా, పుడక ఏ వైపు, ఎంతది, మర ఎలాంటిది అని ఆరు గీతలు చేతిరాతతో కలిపాను. దిండు తెమ్మంటే మొదట నవ్వుతున్నారు. తెస్తున్నారు కూడా.

కార్డులో ఒకటి మిగిలింది. ముప్పై రోజుల్లో రెండు రాత్రులు సున్నా. వరుసగా రెండు రాత్రులు. జ్వరమేమో అనుకుని ఫోన్ చేశాను. కూతురి అత్తవారింటికి, బరంపురం వెళ్లారట. మెషిన్ చిన్న సంచిలో పడుతుంది కదమ్మా, తీసుకెళ్లాల్సింది అన్నాను.

"వియ్యపరాలి ముందు ఆ తొండం ఎట్టుకుంటానేటి బాబూ?" అన్నారు.

సంక్రాంతికి మళ్లీ అక్కడికే, ఈసారి నాలుగు రాత్రులట. కూతురితో మాట్లాడుతున్నాను. ఆ గదికి గడియ ఉందో లేదో కనుక్కుని చెప్తానంది.